పూజకు చందా ఇవ్వని మా మేనత్త

బరంపురం బజారులో పాత సామాన్లు బాగుచేసే కొట్టు ఒకటి ఉంది. మొన్నొక సాయంత్రం అటుగా వెళుతుంటే కొట్టాయన పెట్రోమాక్సు లైటొకటి ముందు పెట్టుకుని, గిన్నెలో స్పిరిటు పోసి అగ్గిపుల్ల గీశాడు. నీలిమంట ఆరబోతుండగా పంపు కొట్టాడు. మాంటిలు బుసకొడుతూ తెల్లగా వెలిగింది. స్పిరిటూ కిరసనాయిలూ కలిసిన ఆ ఘాటు వాసన తగలగానే నేను అక్కడే నిలబడిపోయాను. ఆ వాసనకు చాలామందికి పెళ్ళిళ్ళో జాతరలో గుర్తుకు రావచ్చు. నాకు మాత్రం పర్లాకిమిడిలో మా మేనత్త నడిపిన రాత్రి ప్రార్థన కూటాలు గుర్తుకొస్తాయి.

మా నాన్న చిన్నరైలు లైనులో పాయింట్స్‌మన్‌గా పనిచేసేవారు. నౌపడ నుంచి పర్లాకిమిడికి మహారాజావారు 1900లో వేయించగా, 1931 నాటికి గుణుపురం దాకా సాగిన నారోగేజీ లైను అది. మా ఇళ్ళలో గడియారం ఉన్నా లేకపోయినా ఇంజను కూతను బట్టే పొయ్యి వెలిగేది, బడికి బయలుదేరేవాళ్ళం. మేనత్త నాన్నకు అక్క. పెళ్ళైన కొద్ది కాలానికే భర్త పోతే పుట్టింటికి వచ్చి, మిషను బడిలో నేర్చిన చదువు ఆసరాగా కెనడా బాప్తిస్టు మిషనులో బైబిలు స్త్రీగా, అంటే ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే పనిలో, చేరింది. తెల్లచీర, భుజాన గుడ్డసంచి, కాళ్ళకు టైరు చెప్పులు. సంచిలో బైబిలు, కీర్తనల పుస్తకం, కళ్ళజోడు, ఒక అమృతాంజనం సీసా ఉండేవి. ఆ సంచితో ఆమె ఒక్కతే ఊళ్ళు తిరిగేది.

1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. ఇంట్లో తెలుగు, కచేరీలో ఒడియా, కొండల మీద నుంచి సంతకు దిగివచ్చే సవరల నోట సవర. అటువాళ్ళకు మేము ఒడియావాళ్ళం, ఇటువాళ్ళకు తెలుగువాళ్ళం, ఇద్దరికీ కిరస్తానీలం. పల్లెల్లో ఎవరి గడప ముందు నిలబడినా మొదట వినిపించే ప్రశ్న "మీరేటోళ్ళమ్మా?" అన్నదే. ఆ ప్రశ్నకు తప్పించుకునే జవాబులు చాలా ఉన్నాయి, మావాళ్ళలో చాలామందికి అవి కంఠతా వచ్చు. మేనత్త మాత్రం "పుట్టింది మాలోళ్ళ ఇంట్లో నాయనా, ఇప్పుడు క్రీస్తోళ్ళం" అనేది. ఆ రెండు మాటలకూ ఆమె గొంతు తగ్గేది కాదు, పెరిగేదీ కాదు. మంచినీళ్ళు ఇచ్చేవాళ్ళు ఇచ్చేవారు, లేనివాళ్ళు అరుగు దిగమనేవారు. దిగమన్న చోట ఆమె దిగి, వీధిలోనే నిలబడి, తాను చెప్పదలచుకున్నది చెప్పి వచ్చేది.

* * *

రాత్రి కూటాలు వారానికొకరి ఇంటి దగ్గర జరిగేవి. లైటును సంఘపెద్ద ఒకాయన తలమీద తుండుగుడ్డ చుట్టుకుని మోసేవారు. దాని పిన్ను నా దగ్గర ఉండేది. నాజిలులో నుసి అడ్డుపడి వెలుగు ఎర్రబడినప్పుడల్లా ఆ సన్నటి సూదిని అందించడం నా ఉద్యోగం. హార్మోనియం ఒకరిది, తబలా ఒకరిది, తాళాలు ఎవరి చేతికి దొరికితే వారివి. వానాకాలంలో ఉసిళ్ళు వచ్చి తెరిచిన బైబిలు మీద పడేవి, మేనత్త వాక్యం చదువుతూనే చేతి అంచుతో వాటిని పక్కకు నెట్టేది. చదవడం అయ్యాక సాక్ష్యాలు, అంటే దేవుడు తమకు చేసిన మేలు ఎవరికి వారు లేచి చెప్పుకోవడం. వాటిలో కొన్ని ప్రతివారం అవే, అదే వరుసలో, అదే చోట కన్నీళ్ళతో వచ్చేవి. పిల్లలం వాటిని ముందుగానే పెదవులతో చెప్పుకుంటూ నవ్వుకునేవాళ్ళం.

ఆ కూటాలకు ఖర్చు ఎక్కడి నుంచి వచ్చేదో ఈ తరానికి చెప్పాలి. ఇంట్లో ఎసట్లో బియ్యం పోసే ముందు ప్రతి స్త్రీ ఒక పిడికెడు తీసి విడిగా కుండలో వేసేది. ఆ కుండ తిండిగింజలు లేని రోజున కూడా ఇంటి వాడకానికి వచ్చేది కాదు. ఆదివారం ఆ బియ్యం గుడ్డలో మూటగట్టుకుని గుడికి (చర్చిని మేము గుడి అనే అంటాం) తెస్తే, ఆరాధన అయ్యాక అన్నీ కలిపి కుంచంతో కొలిచి వేలంపాట పెట్టేవారు. సన్నబియ్యం, ముతకబియ్యం, ఎర్రబియ్యం, రేషను బియ్యం కలిసిన ఆ రాశిని కొనడానికి షావుకారెవరూ ఉత్సాహపడేవాడు కాదు, చివరికి మాలో ఎవరో పాడుకునేవారు. లైటు నూనె, మాంటిళ్ళు, హార్మోనియం మరమ్మతు, ఎవరైనా పోతే పెట్టె ఖర్చు, అన్నీ అందులోంచే. విదేశీ డబ్బుతో నడిచే మతమని ఎవరైనా అన్నప్పుడు నాకు డాలర్లు కాదు, అన్ని రంగుల బియ్యం కలిసిన ఆ రాశి కళ్ళముందు కనబడుతుంది.

* * *

వినాయక చవితి ముందు మా వీధి కుర్రాళ్ళు చందాల పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవారు. క్రైస్తవుల ఇళ్ళలో కొందరు గొడవెందుకని రూపాయో రెండో ఇచ్చి పంపేవారు, కొందరు తలుపు వేసుకుని లోపల లేనట్టు ఉండిపోయేవారు. మేనత్త తలుపు తీసి, వాళ్ళను అరుగు మీద కూర్చోబెట్టి మరీ చెప్పేది.

"పూజకు నేనివ్వను బాబూ. నా దేవుడు దానికి ఒప్పడు. ఊరేగింపులో ఎండకు తిరిగి వస్తారు కదా, మీకు మజ్జిగ కావాలంటే చెప్పండి, కుండ పెడతాను."

వాళ్ళకు కోపం వచ్చింది. ఆ రాత్రి మా పెంకుల మీద రాళ్ళు పడ్డాయి, నాలుగు పెంకులు పగిలాయి. నిమజ్జనం రోజున ఆమె అన్నట్టే కుండ పెట్టింది. మజ్జిగలో ఉప్పు, కరివేపాకు, దంచిన అల్లం వేసి, పైన తడిగుడ్డ కప్పి, పక్కన రెండు గ్లాసులు బోర్లించింది. ఆ ఏడు ఎవరూ ముట్టలేదు. సాయంత్రం ఆ మజ్జిగ మేమే తాగాం. మరుసటి ఏడు కూడా ఆమె చందా ఇవ్వలేదు, కుండ పెట్టింది. ఈసారి డప్పు వాయించేవాడొకడు ముందుగా గ్లాసెత్తాడు. ప్రసాదం తెచ్చి ఇస్తే రెండు చేతులూ జోడించి, "వద్దు నాయనా, నీ మీద కోపం కాదు" అనేది.

ఈ సంగతి మీద మా సంఘంలోనే తగువు ఉండేది. రూపాయి ఇస్తే పోయేదానికి ఇంత పట్టుదల దేనికని ఒక పక్షం, విగ్రహం వెంట తిరిగేవాళ్ళకు మజ్జిగ పోయడం రాజీపడటమేనని ఇంకొక పక్షం. పాస్టరుగారు రెండు పక్షాలకూ తల ఊపేవారు. మేనత్త ఎవరితోనూ వాదించలేదు, ఏ పక్షం మాటకూ తన పద్ధతి మార్చుకోలేదు. నా మటుకు నాకు ఆమె ఇవ్వనిదీ ఇచ్చిందీ ఒక్క నమ్మకం నుంచే వచ్చాయనిపిస్తుంది. ఆమె దగ్గర ఆ రెండింటినీ విడదీసి ఒకటి మెచ్చుకుని ఒకటి వదిలేయడం కుదరదు.

* * *

నేను హైస్కూలులో ఉండగా స్కాలర్‌షిప్పు కాగితాలు వచ్చాయి. హెడ్మాస్టరుగారు నాన్నను పిలిపించి, మతం అన్న చోట హిందువు అని రాయమన్నారు. ఆయన చెడ్డవారు కాదు, మా మేలు కోరే చెప్పారు. "ఇంట్లో ఏ దేవుణ్ణి కొలుస్తారో ఎవరు వచ్చి చూస్తారు? పిల్లవాడి చదువు చూసుకోండి" అన్నారు. షెడ్యూల్డు కులాల జాబితాకు సంబంధించిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా ఒకటుంది. హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడని దాని సారాంశం. తరువాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు గానీ, క్రైస్తవులకు ఆ తలుపు ఈనాటికీ తెరుచుకోలేదు. బావి దగ్గర మా కడవను దూరం పెట్టినవాళ్ళు మాత్రం మా మతం ఏమిటని ఏనాడూ అడగలేదు.

నా పక్కన బెంచీలో ఒక సవర కుర్రాడు కూర్చునేవాడు. ఇద్దరం ఒకే ఉదయం మహేంద్రతనయ నీళ్ళలో బాప్తిస్మం పొందాం. షెడ్యూల్డు తెగల వారికి మతంతో నిమిత్తం లేదు కాబట్టి అతనికి స్కాలర్‌షిప్పు వచ్చింది. నాకు రావాలంటే అబద్ధం రాయాలి.

నాన్న కాగితం పట్టుకుని ఇంటికి వచ్చి రాత్రంతా తిరగేస్తూ కూర్చున్నారు. అమ్మ ఏమీ అనలేదు. మేనత్త లాంతరు దగ్గరికి లాగి, ఆ కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివి, "తమ్ముడూ, ఈ డబ్బుతో వీడికి పుస్తకం కొంటే, అది తెరిచినప్పుడల్లా వీడికి పాఠం కంటే ముందు మనం రాసిన అబద్ధమే కనపడతాది" అంది. మరునాడు నాన్న క్రైస్తవుడు అని రాశారు. స్కాలర్‌షిప్పు రాలేదు. మేనత్త మెడలోని సన్నని గొలుసు షావుకారు దగ్గరికి వెళ్ళింది, తిరిగి రాలేదు. ఆ గొలుసుతోనే నేను మెట్రిక్యులేషను దాటాను.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే ఆమెకు అన్యాయం చేసినట్టవుతుంది. మా బంధువుల్లోనే కొందరు హిందువులమని రాయించుకుని చదువుకున్నారు, ఉద్యోగాలు చేశారు, గుడికి చీకటిపడ్డాక వచ్చేవారు. వాళ్ళను ఆమె ఒక్కనాడూ తూలనాడలేదు. వాళ్ళ పిల్లల పెళ్ళిళ్ళకు ముందురోజే వెళ్ళి కూరలు తరిగేది. ఆకలి మనిషి చేత ఏం రాయిస్తుందో ఆమెకు తెలుసు. అలాగని వాళ్ళ ఇంట్లో అతిథులున్నారని భోజనం ముందు ప్రార్థన మానేదీ కాదు. కళ్ళు మూసుకుని, పైకి వినిపించేలాగే చేసేది, వాళ్ళు ఇబ్బందిగా నేలచూపులు చూసేవారు. ఆ ఉత్తర్వును నేనైతే ఈ వయసులో కూడా క్షమించలేకపోతున్నాను. నిజం చెప్పిన పేదవాడికి జరిమానా వేసి, దాచినవాడికి బహుమానం ఇచ్చే ఏర్పాటును న్యాయమని ఎలా అనుకోవాలో నాకు అర్థం కాదు.

* * *

ఒరిస్సాలో మత స్వాతంత్ర్య చట్టం 1967లో వచ్చింది. బలవంతంగా గానీ, ఆశచూపి గానీ, మోసంతో గానీ మతం మార్పిస్తే ఏడాది దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా. మారినవారు మైనర్లు, స్త్రీలు, షెడ్యూల్డు కులాల, తెగల వారైతే రెండేళ్ళు, 10,000. హైకోర్టు 1972లో దాన్ని కొట్టివేసింది, సుప్రీంకోర్టు 1977లో నిలబెట్టింది. ఆ తరువాత కొంతకాలానికి, ఒక పల్లెలో బైబిలు స్త్రీ మందులిచ్చి జనాన్ని మతంలో కలుపుతోందని ఎవరో ఫిర్యాదు రాసిచ్చారు. మేనత్తను ఠాణాకు పిలిపించారు. నాన్న డ్యూటీ మార్చుకుని వచ్చారు, నేనూ వెంట వెళ్ళాను. కిటికీ పక్కనే నిలబడ్డాం కాబట్టి లోపలి మాటలు మాకు వినిపించాయి.

అధికారి ఒడియాలో అడుగుతున్నాడు, మేనత్త తెలుగు యాస ఒడియాలో చెబుతోంది. సంచి బల్లమీద బోర్లించమన్నాడు. రెండు పుస్తకాలు, కళ్ళజోడు, అమృతాంజనం సీసా పడ్డాయి. అతను సీసా ఎత్తి చూపి, ఇదేనా మందు అన్నాడు.

"అదే బాబూ. రాస్తే తలనొప్పి పోతుంది. కులం పోదు, మతం పోదు."

లోపల ఎవరో కిసుక్కున నవ్వారు. అధికారి నవ్వలేదు. మతం మారమని చెబుతున్నావా లేదా అని సూటిగా అడిగాడు. నాన్న నా భుజం మీద చెయ్యి బిగించారు. లేదని ఒక్క మాట అంటే ఇంటికి వెళ్ళిపోవచ్చని అక్కడున్న అందరికీ తెలుసు.

"యేసును నమ్ముకోమని చెప్తాను. అది నేను దాచను. నమ్మకపోయినా మందు రాస్తాను. కావాలంటే ఆ ఊరెళ్ళి అడగండి."

ఇది దొరలు తెచ్చిన మతమని అతను ఏదో అన్నాడు. దానికి ఆమె దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే జవాబు ఒకటుంది. మా గుళ్ళలో ఈనాటికీ పాడుకునే కీర్తనలెన్నో రాసిన పురుషోత్తమ చౌధరి 1803లో మా పర్లాకిమిడి ప్రాంతంలోనే బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవాడు. 1833లో కటకంలో బాప్తిస్మం పొందాడు. కెనడా మిషను వాళ్ళు కాకినాడలో కాలుపెట్టింది 1874లో. "ఆయనకు ఎవరేమిచ్చి మార్చారు బాబూ? ఆయన పోగొట్టుకున్నదే గానీ తెచ్చుకున్నదేముంది?" అని ఆమె అడిగింది. అతను జవాబు చెప్పకుండా ఫ్యాను కింది కాగితాలు సర్దుకున్నాడు. సాయంత్రం దాకా కూర్చోబెట్టి పంపేశారు. వారం తిరగకుండా ఆమె మళ్ళీ అదే పల్లెకు అదే సంచితో వెళ్ళింది. నాన్న ఎంత బతిమాలినా వినలేదు. తలనొప్పి ముసలమ్మ ఎదురుచూస్తుంటుందన్నది ఆమె చెప్పిన కారణం.

తమ నిరీక్షణను గూర్చి అడిగిన ప్రతివానికీ "సాత్వికముతోను భయముతోను" సమాధానం చెప్పాలని పేతురు పత్రికలో ఉంది. సాత్వికం సులువే, మాట దిగమింగితే చాలని కొందరు అనుకుంటారు. ఇప్పుడు మైకులు పట్టుకుని ఇతరుల దేవుళ్ళను ఎగతాళి చేయడమే ధైర్యమనుకునే ప్రసంగీకులూ తయారయ్యారు. ఠాణా కిటికీ పక్కన నిలబడి విన్నవాణ్ణి కాబట్టి ఈ రెండూ నాకు మింగుడుపడవు.

* * *

1999 జనవరిలో కేంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, పసివాళ్ళయిన ఇద్దరు కొడుకులను జీపులో సజీవ దహనం చేసిన వార్త శనివారం తెలిసింది. మరునాడు ఆదివారం. గుడి కిక్కిరిసి ఉంది గానీ పాట లేవలేదు. పాస్టరుగారు రెండుసార్లు మొదలుపెట్టి మాట పెగలక కూర్చున్నారు. మేనత్త స్త్రీల వైపు నుంచి లేచి, దానియేలు గ్రంథం మూడో అధ్యాయం తీసి, అగ్నిగుండం ముందు ఆ ముగ్గురు యువకులు రాజుకు చెప్పిన జవాబు చదివింది. మా దేవుడు రక్షించగల సమర్థుడు, ఒకవేళ రక్షించకపోయినా నీ ప్రతిమకు మొక్కము అన్న చోట ఆగి, "ఒకవేళ" అన్న వాక్యాన్ని మళ్ళీ చదివి కూర్చుంది. అంతకు మించి ఆ రోజు ప్రసంగం లేదు. ఆయన భార్య గ్లాడిస్ స్టెయిన్స్ హంతకులను క్షమించానని చెప్పి, బారిపదా కుష్ఠువ్యాధి ఆశ్రమం పనిలో కొనసాగినప్పుడు మా కుర్రాళ్ళలో కొందరికి అది నచ్చలేదు. మేనత్త మాత్రం ఆమె ఫోటో పత్రికలోంచి కత్తిరించి బైబిల్లో పెట్టుకుంది.

2008 ఆగస్టు చివరలో క్రైస్తవుల మీద దాడులతో కంధమాల్ జిల్లా తగలబడుతున్నప్పుడు, అడవుల గుండా మోహన వైపు దిగి వచ్చినవాళ్ళలో ఒక కుటుంబం మేనత్త ఇంట్లో తలదాచుకుంది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. వాళ్ళది కుయి భాష, కొద్దిగా ఒడియా. రాత్రిపూట ఎవరి భాషలో వారు ప్రార్థన చేసుకునేవారు, ఆమేన్ దగ్గర కలిసేవారు. మేనత్త గుమ్మం మీద "క్రీస్తే ఈ ఇంటి యజమాని" అని నీలిరంగు రేకు బోర్డు ఉండేది. పరిస్థితి బాగాలేదు, కొద్దిరోజులు తీసి లోపల పెట్టమని సంఘపెద్దలు వచ్చి చెప్పారు. వాళ్ళ భయం ఉత్తిది కాదు. "యజమాని లోపలే ఉన్నాడు కదా, గుమ్మం మీద పేరు తీసేస్తే ఆయన్ని ఎవరనుకోవాలి?" అంది. బోర్డు అక్కడే ఉంది.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి వీధిలో నుంచి ఒకాయన చాప చంకన పెట్టుకుని వచ్చి అరుగు మీద పరుచుకున్నాడు. ఒకప్పుడు చందాల పుస్తకం పట్టుకుని వచ్చినవాళ్ళలో అతనొకడు, అప్పటికి మనవలెత్తాడు. ఏమిటని అడిగితే, "మా ఇంట్లో ఉక్క, ఇక్కడ గాలి బాగుంటాది అమ్మా" అన్నాడు. గాలి ఎక్కడా లేని రాత్రులవి. గొడవలు సద్దుమణిగేదాకా అతను అక్కడే పడుకున్నాడు. తరువాతి చవితికి కూడా మేనత్త చందా ఇవ్వలేదు, అతనూ అడగలేదు.

* * *

పోయిన వానాకాలం మేనత్త నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. తొంభై దాటాయి. బైబిలు వెనక అట్ట లోపల పెన్సిలుతో ఆమె రాసిపెట్టినవి కనిపించాయి. పూలదండలు వద్దు. పిడికెడు బియ్యం కుండ చిన్నకోడలికి. సమాధి రాయి మీద రోమా మొదటి అధ్యాయం పదహారో వచనం, తెలుగులో, ఒడియాలో. పక్కనే, "దారిన పోయేవాళ్ళలో ఒడియావాళ్ళే ఎక్కువ" అని చిన్న అక్షరాలతో ఉంది.

టెక్కలి నుంచి నీలి గ్రానైటు తెప్పిద్దామనుకున్నాం. చెక్కేవాడు అక్షరానికింత అని లెక్కకట్టాడు. వచనం అంతా చెక్కించడం దేనికి, "రోమా 1:16" అని వేస్తే తెలిసినవాళ్ళకు తెలుస్తుంది, ఖర్చూ తగ్గుతుంది అన్నారు మా బావగారు. రోడ్డు పక్క సమాధి కదా, రోజులు బాగాలేవు అని ఆ తరువాత కొంచెం గొంతు తగ్గించి అన్నారు. చిన్నకోడలు ఆ మాట విని, "సువార్తను గూర్చి నేను సిగ్గుపడువాడను కాను అన్న వచనాన్నే దాచిపెడతామా బావగారూ?" అంది. ఆయన కూడా నవ్వేశారు. పూర్తి వచనమే వేయిస్తున్నాం. ఒడియా అక్షరాలు చెక్కగలవాడు టెక్కలిలో దొరకలేదు, పర్లాకిమిడి నుంచే మేస్త్రీని పంపాలి. తెలుగు పైన ఉండాలా, ఒడియా పైన ఉండాలా అన్న దగ్గర మాత్రం మా అన్నదమ్ములకు ఇంకా పడలేదు.